పంపు ఎటు తోస్తోంది? కేంద్ర బాయిలర్ల బోర్డుకు బహిరంగ లేఖ



1863లో కలకత్తాలో ఒక బాయిలర్ పేలి పలువురు ప్రాణాలు కోల్పోయారు. ఆ మరుసటి ఏడే బెంగాల్ కౌన్సిల్ బాయిలర్ల తనిఖీకి చట్టం చేసింది. దేశమంతటికీ వర్తించే చట్టం 1923లో వచ్చింది. నూటరెండేళ్ల తర్వాత, 2025లో, దాని స్థానంలో పార్లమెంటు కొత్త బాయిలర్ల చట్టాన్ని తెచ్చింది. ఈ చరిత్ర అంతా ఆవిరి చుట్టూ తిరిగింది, అందుకు తగిన కారణమూ ఉంది. 2007 సవరణ కొన్నిటిని చట్టం పరిధి నుంచి తప్పించింది: 25 లీటర్ల లోపు సామర్థ్యం ఉన్నవి, చదరపు సెంటీమీటరుకు ఒక కిలో లోపు ఒత్తిడి ఉన్నవి, నీటిని 100 డిగ్రీల లోపే వేడి చేసేవి. కొత్త చట్టంలోనూ ఈ మినహాయింపు నిలిచింది. ఆసుపత్రులు, హోటళ్లు, హాస్టళ్లలో వేడినీళ్లు తిప్పే యంత్రాలు, అంటే మన ఫిట్టర్లు హాట్ వాటర్ జనరేటర్ అని పిలిచేవి, చాలావరకు ఈ మూడో కోవలోకి వస్తాయి. వాటిని మళ్లీ తనిఖీల కిందికి తెమ్మని నేను అడగడం లేదు. ఆ మినహాయింపు సబబైనదే. అయితే దాని వెనుక, కాగితం మీద రాయని ఒక నమ్మకం ఉంది: 100 డిగ్రీలకు లోపున్న నీరు నీరుగానే ఉంటుందని. ఆ నమ్మకం నిజమవుతుందా లేదా అన్నది చాలా చోట్ల పంపును ఎక్కడ బిగించారు, ఎక్స్‌పాన్షన్ ట్యాంకును ఏ పైపుకు కలిపారు అన్న దాని మీద ఆధారపడి ఉంది. ఈ లేఖ దాని గురించే.

నీరు 100 డిగ్రీల దగ్గర మరగడం మామూలు వాతావరణ ఒత్తిడిలో మాట. ఒత్తిడి అందులో సగానికి పడితే 81 డిగ్రీలకే మరుగుతుంది. ఐదో వంతుకు పడితే 60 చాలు. బాయిలర్ తొట్టిలో ఒత్తిడి సరిగ్గానే ఉండవచ్చు, గేజి మీద ముల్లు నిబ్బరంగానే కనిపించవచ్చు. కానీ ఆ నీరు పైపుల్లో భవనమంతా తిరిగి వస్తుంది. దారిలో ఏ మూల ఒత్తిడి పడిపోయినా అక్కడ లెక్క మారుతుంది. చట్టం తొట్టిని కొలిచింది. నీరు తిరిగేది మాత్రం ఒక వలయంలో. ఆ వలయంలో ఏ చోట ఎంత ఒత్తిడి ఉండాలో నిర్ణయించేవి ముఖ్యంగా రెండు: ఎక్స్‌పాన్షన్ ట్యాంకు, దానికి పంపు ఏ పక్కన ఉందన్న సంగతి.

ట్యాంకు పని ముందు చెప్పాలి. 20 డిగ్రీల నీటిని 80కి వేడి చేస్తే దాదాపు 2.7 శాతం పెరుగుతుంది. వెయ్యి లీటర్ల వలయంలో 27 లీటర్ల అదనపు నీరు ఎక్కడికో పోవాలి. మూసిన వలయంలో అది ట్యాంకులోని గాలిని నొక్కి చోటు చేసుకుంటుంది. చల్లారితే ఆ గాలే నీటిని తిరిగి తోస్తుంది. ఇప్పుడు పంపును ఆన్ చేశామనుకుందాం. పంపు కొత్త నీటిని సృష్టించలేదు, ఉన్న నీటిని మాయం చేయలేదు. ఒక చేత తీసుకున్నంత నీటినీ మరో చేత ఇచ్చేస్తుంది. కనుక ట్యాంకులో ఉన్న నీరు పెరగదు, తరగదు. నీరు మారనప్పుడు దాని పైనున్న గాలి ఘనపరిమాణం మారదు. గాలి నొక్కుకోకపోతే ఒత్తిడీ మారదు. అంటే ట్యాంకు పైపు వచ్చి వలయంలో కలిసే ఆ ఒక్క చోట, పంపు తిరిగినా ఆగినా ఒత్తిడి ఒకటే. అమెరికాలో బెల్ అండ్ గాసెట్ కంపెనీ ఇంజనీరు గిల్ కార్ల్‌సన్ 1963లో ఈ సంగతిని స్పష్టంగా రాసి, ఆ చోటుకు ‘ఒత్తిడి మారని బిందువు’ అని పేరు పెట్టాడు. ఇందులో వాడిన భౌతికశాస్త్రం బాయిల్ సూత్రమే. అంత తేలికైన సంగతి అంతకాలం చాలామంది దృష్టికి రాకపోవడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఆ బిందువు స్థిరమని ఒప్పుకుంటే మిగతాదంతా కూడికలు, తీసివేతలే. పంపు తన రెండు పక్కల మధ్య కొంత తేడా సృష్టిస్తుంది, నీటిని ఎనిమిది మీటర్ల ఎత్తుకు తోసే బలం (హెడ్) ఉన్న పంపు అయితే చదరపు సెంటీమీటరుకు 0.8 కిలోలు. ఆ తేడా డెలివరీ (తోసే) వైపు పెరుగుదలగా కనిపిస్తుందా, సక్షన్ (లాగే) వైపు తగ్గుదలగా కనిపిస్తుందా అన్నది ట్యాంకు తేలుస్తుంది. ఒక మూడంతస్తుల ఆసుపత్రిని తీసుకుందాం. బాయిలర్, పంపు కింద ఉన్నాయి. పై అంతస్తు పైపు పది మీటర్ల ఎత్తున ఉంది. పంపు ఆగి ఉన్నప్పుడు కింద గేజి 1.3 కిలోలు చూపుతుంది, పైన 0.3 ఉంటుంది. నీరు పైకి చేరేసరికి పంపు బలంలో సగం పైపుల రాపిడికి ఖర్చవుతుందని అనుకుందాం. ట్యాంకు పంపు సక్షన్ దగ్గర కలిస్తే, సక్షన్‌లో 1.3 అలాగే ఉంటుంది, డెలివరీలో 2.1 అవుతుంది, పై అంతస్తులో 0.7 ఉంటుంది. పంపు తిరగడం వల్ల భవనమంతటా ఒత్తిడి పెరిగింది. అదే పంపు, అవే పైపులు, కానీ ట్యాంకును డెలివరీ వైపు కలిపారనుకోండి. ఇప్పుడు డెలివరీలో 1.3 కదలదు. సక్షన్ 0.5కు పడుతుంది. పై అంతస్తులో మైనస్ 0.1 అవుతుంది. అంటే బయటి గాలికంటే తక్కువ. అక్కడ గాలి బయటికి పోవడానికని పెట్టిన ఎయిర్ వెంట్ ఇప్పుడు గాలిని లోపలికి లాగుతుంది. రెండు ఏర్పాట్లకూ తేడా ఒక టీ, రెండు ఎల్బోలు, రెండు మూడు అడుగుల పైపు.

ఆ తర్వాత జరిగేది ఫిట్టర్లందరికీ తెలిసిందే. పై గదుల్లో వేడి అందదు, పైపుల్లో గలగల చప్పుడు, పంపు గులకరాళ్లు నమిలినట్టు మోగుతుంది. ‘గాలి పట్టింది’ అంటారు. గాలి తీస్తారు, నాలుగు రోజులకు మళ్లీ పడుతుంది. ఇంకో ఎయిర్ వెంట్ పెడతారు. ఒత్తిడి తక్కువున్న చోట పెట్టిన ప్రతి కొత్త వెంట్ గాలి రావడానికి ఇంకో దారి అవుతుంది. ఆ తర్వాత పంపు చిన్నదని తేల్చి పెద్దది వేస్తారు. దానితో సక్షన్ ఇంకా లోతుకు పడుతుంది, జబ్బు ముదురుతుంది. గాలి తీసిన ప్రతిసారీ కొంత నీరు పోతుంది, దాని చోట కొత్త నీరు చేరుతుంది. కొత్త నీటితో ఆక్సిజన్ వస్తుంది, సున్నం వస్తుంది. ఆక్సిజన్ ఉక్కు పైపును తింటుంది, సున్నం బాయిలర్ ట్యూబుల్లో పేరుకుంటుంది. కొన్నేళ్లకు నల్లటి బురద స్ట్రెయినర్లలో చేరినప్పుడు అందరూ నీటి నాణ్యతను తప్పుబడతారు. తప్పు నీటిలో లేదు. పంపు వెనుక ఒత్తిడి పడిపోవడం అంటే ఏమిటో జంషెడ్‌పూర్‌లోని భుయ్యాడీహ్ లాంటి బస్తీల్లో నివసించేవారికి వేరే చెప్పనక్కరలేదు. సప్లై పైపుకు నేరుగా టుల్లు అనే చిన్న మోటారు పంపు బిగిస్తే ఏమవుతుందో వారికి తెలుసు. ఆ ఇంటికి ధార పెరుగుతుంది. వెనుక పైపులో ఒత్తిడి పడిపోయి, చిల్లులున్న చోట మురుగు లోపలికి చేరుతుంది. పంపు ముందుకు తోస్తుందని మనం చూస్తాం, వెనుక నుంచి లాగుతుందన్నది మరిచిపోతాం.

మొదటి అభ్యంతరం అనుభవం నుంచి వస్తుంది: పంపును రిటర్న్ లైనులో, ట్యాంకు వైపు తోసేలా, ఎన్నో ఏళ్లుగా బిగిస్తున్నాం, నడుస్తూనే ఉన్నాయి కదా అని. నడుస్తున్నవి ఉన్నాయి, నిజమే. పాత పంపుల ప్యాకింగులు మరీ వేడి నీటిని తట్టుకునేవి కావు, అందుకే వాటిని చల్లారిన నీరు వచ్చే రిటర్న్ లైనులో పెట్టే అలవాటు చలిదేశాల్లో పుట్టింది. తర్వాత ఫ్యాక్టరీలు బాయిలర్‌కు పంపును అక్కడే తగిలించి అమ్మడంతో అలవాటు స్థిరపడింది. ఆనాటి ఇళ్లలో పైపులు లావు, రేడియేటర్లు పెద్దవి, పంపులు బలహీనం. రెండు మీటర్ల పంపు సక్షన్‌ను 0.2 కిలోలు తగ్గిస్తే పట్టించుకునేవారు ఎవరు? తప్పు ఉండేది, బయటపడేది కాదు. సన్నని పైపులు, చిన్న కాయిల్స్, ఎక్కువ హెడ్ ఉన్న పంపులు వచ్చాక అదే బిగింపు గొడవ చేయడం మొదలుపెట్టింది. 1990లలో డాన్ హొలొహన్ అనే అమెరికన్ రచయిత పంపు ట్యాంకు నుంచి దూరంగా తోయాలన్న మాటనే పేరుగా పెట్టి ఒక పుస్తకం రాసి, కార్ల్‌సన్ చెప్పినదాన్ని మామూలు ఫిట్టర్ల దాకా చేర్చాడు. ఇంజనీర్ల కాగితాల్లో ఉన్న సంగతి పనివాడి చేతికి రావడానికి అక్కడ ముప్ఫై ఏళ్లు పట్టింది. మనకు అంత సమయం పట్టనక్కరలేదు.

రెండో అభ్యంతరం ఇంతకంటే తెలివైనది. ఒత్తిడి తగ్గుతోందా, మొదట్లోనే ఎక్కువ నింపితే సరిపోదా అంటారు. సరిపోతుంది, ఒక ధరకు. పైన చెప్పిన భవనంలో తప్పు బిగింపుతో సరైన బిగింపుకు సమానమైన ఒత్తిడి కావాలంటే 1.3 బదులు 2.1 కిలోలకు నింపాలి, పంపు హెడ్ మొత్తాన్ని ముందే అప్పు తెచ్చి పెట్టినట్టు. సేఫ్టీ వాల్వు 3 కిలోలకు తెరుచుకుంటుందనుకుంటే, వేడెక్కిన నీరు పెరగడానికి మిగిలిన సందు దాదాపు సగం తగ్గిపోతుంది. 27 లీటర్ల అదనపు నీటికి మొదటి పద్ధతిలో సుమారు 64 లీటర్ల ట్యాంకు చాలు, రెండో పద్ధతిలో 120 లీటర్లది కావాలి. ఆ పెద్ద ట్యాంకు ఎవరూ కొనరు. పాత ట్యాంకుతోనే ఒత్తిడి పెంచుతారు. రోజూ వేడెక్కినప్పుడల్లా సేఫ్టీ వాల్వు నుంచి నీరు కారుతుంది, చల్లారినప్పుడల్లా కొత్త నీరు నిండుతుంది. కారే వాల్వుతో విసిగిపోయి ఎవరో ఒకరు దానికి ప్లగ్గు కొట్టడం దీని చివరి మెట్టు. అక్కడికి చేరాక, మీ చట్టం 1864 నుంచి దేనికి భయపడుతూ వచ్చిందో ఆ ప్రమాదం మినహాయింపు పొందిన యంత్రంలోకే అడుగుపెడుతుంది.

ఎత్తైన భవనాల్లో ఇదంతా అనవసరమని ఇంకొందరు అంటారు. అందులో నిజం ఉంది, ఒప్పుకోవాలి. పది అంతస్తుల కింద బేస్‌మెంట్‌లో పంపు, పైకప్పు మీద ట్యాంకు ఉంటే, ముప్ఫై మీటర్ల నీటి బరువే మూడు కిలోలు ఇస్తుంది. పంపు అందులో ఒకటి తీసేసినా సక్షన్‌లో రెండు మిగులుతాయి. పై అంతస్తు పైపుల సంగతి వేరుగా చూసుకోవలసిందే అయినా, పంపుకు మాత్రం ఢోకా లేదు. కానీ మన దేశంలో యంత్రాలన్నీ ఇప్పుడు డాబా మీదికే ఎక్కుతున్నాయి. చిల్లర్లు, హీట్ పంపులు, సోలార్ హీటర్లు అన్నీ అక్కడే, పక్కనే పంపు, రెండు మీటర్ల ఎత్తున స్టాండు మీద తెరిచిన ట్యాంకు. డాబా మీద నీటి బరువు ఇచ్చే రక్ష రెండు మీటర్లే, అంటే 0.2 కిలోలు. ఆ ట్యాంకు పైపును, దగ్గరగా ఉందని, ఎనిమిది మీటర్ల పంపు డెలివరీకి కలిపితే సక్షన్‌లో మైనస్ 0.6 అవుతుంది. ఆ ఒత్తిడిలో నీరు 77 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. ఎండాకాలం మధ్యాహ్నం సోలార్ వలయంలో 80 డిగ్రీల నీరు వస్తే పంపు నోట్లోనే ఆవిరవుతుంది. 100 డిగ్రీలు దాటలేదు, చట్టం దృష్టిలో అక్కడ ఆవిరి లేదు. ఇంపెల్లర్ మాత్రం గుంటలు పడి అరిగిపోతుంది. హైదరాబాద్, విశాఖ, రాంచీ, జంషెడ్‌పూర్ ఎక్కడైనా డాబా మీద చల్లటి నీటి వలయాలకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. 7 డిగ్రీల నీరు మరగదు, కానీ గాలి పీలుస్తుంది, పైపు తుప్పు పడుతుంది. బాయిలర్ చలిదేశాల సరుకు, మనకెందుకు అనేవారు ఇది గమనించాలి. న్యూజెర్సీలో తెలుగువాళ్ల ఇంటి బేస్‌మెంట్‌లో ఉన్న వలయానికీ, ఇక్కడి ఆసుపత్రి డాబా మీద ఉన్న వలయానికీ ఒకే గణితం.

ఈ వాదనను ‘పంపు సప్లైలో ఉండాలి, రిటర్న్‌లో ఉండకూడదు’ అని కుదించి నినాదం చేసేవారున్నారు. అది పొరపాటు, కొన్నిచోట్ల హాని కూడా. సన్నని ట్యూబులతో రాపిడి ఎక్కువగా ఉండే బాయిలర్లలోకి పంపు నీటిని తోయడమే మేలు, తయారీదారు అలాగే చెప్తాడు. అప్పుడు పంపును కదపనక్కరలేదు, ట్యాంకు పైపును రిటర్న్‌లో పంపుకు ముందు కలిపితే చాలు. బాయిలర్‌లో ఒత్తిడి పంపు హెడ్ మేరకు పెరుగుతుంది కనుక సేఫ్టీ వాల్వు లెక్క మళ్లీ చూసుకోవాలి. నియమం ఉన్నది ట్యాంకు, పంపుల బంధంలో: ట్యాంకు కలిసే చోటు పంపు సక్షన్‌కు దగ్గరగా ఉండాలి, మధ్యలో రాపిడి పెంచేది ఏదీ ఉండకూడదు. ఉక్కు పరిశ్రమలో పనిచేసినవారికి ఇది కొత్త కాదు. ఆధునిక బ్లాస్ట్ ఫర్నేసుల గోడల్లోని స్టేవ్‌లనే పలకలను చల్లబరిచే మూసిన వలయాల్లో శుద్ధిచేసిన నీరు తిరుగుతుంది. ఎత్తున ఉండే ఎక్స్‌పాన్షన్ ట్యాంకును నైట్రోజన్‌తో ఒత్తిడిలో ఉంచుతారు. దాని మట్టం తగ్గితే ఎక్కడో లీకుందని వెంటనే తెలుసుకుంటారు. కొలిమి గోడలో నీరు ఒక్క క్షణం ఆవిరైనా ఎంత నష్టమో తెలుసు కాబట్టి అక్కడ ట్యాంకు చోటు ఎవరి ఇష్టానికీ వదలరు. 1912లో మొదటి ఉక్కు దిమ్మ పోసిన జంషెడ్‌పూర్‌లో, శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు ఫిట్టర్లు, వెల్డర్లు తరాల పాటు పనిచేసిన ఊరిలో, ఈ విద్య గేటు లోపల ఉంది. గేటు బయట, ఆసుపత్రి డాబా మీద, అది అవసరం లేదనుకోవడం నాకు మింగుడుపడదు.

ఇక మీ నుంచి రాగల అభ్యంతరం ఒకటుంది: ఇవి మా పరిధిలో లేవు అని. యంత్రం మీ పరిధిలో లేకపోవచ్చు. మనిషి ఉన్నాడు. బాయిలర్ అటెండెంట్లు పరీక్ష రాసి సర్టిఫికెట్ పొందేది బాయిలర్ చట్టం కిందనే. ఆవిరి బాయిలర్ కోసం చదివినవారినే ఆసుపత్రులు, హోటళ్లు వేడినీటి బాయిలర్ దగ్గర కూడా నిలబెడతాయి. ఆ సర్టిఫికెట్ ఉన్న మనిషి ‘బాగానే ఉంది’ అంటే అందరూ నమ్ముతారు. కనుక అడిగేది రెండే. వేడినీటి వలయంలో ట్యాంకు, పంపు చోటు గురించి ఒక పేజీ బొమ్మలతో తయారుచేసి, హిందీ, తెలుగు, బెంగాలీ, ఒడియా వంటి భాషల్లో బోర్డు తరఫున విడుదల చేయండి. నిబంధనగా అక్కరలేదు, మార్గదర్శకంగా చాలు. నిబంధన అయితే దాని వెంట ఫీజు, ఇన్‌స్పెక్టరు, ఆలస్యం వస్తాయి. చిన్న ఆసుపత్రులకు ఆ భారం పెట్టడం న్యాయం కాదు. రెండోది, అటెండెంట్ల పరీక్షలో ఆ పేజీ నుంచి ఒక ప్రశ్న తప్పనిసరి చేయండి.

ఆ ప్రశ్న ఎలా ఉండాలో కూడా చెప్తాను. పంపు సక్షన్‌లో ఒక గేజి ఉంది. పంపు ఆపి ముల్లు చూశారు, ఆన్ చేసి మళ్లీ చూశారు. ముల్లు కదలకపోతే ట్యాంకు ఎక్కడ కలిసినట్టు? కిందికి పడితే ఎక్కడ కలిసినట్టు? ముల్లు సున్నా దిగువకు పోతే ముందు ఏం చేయాలి: వెంట్ పెంచాలా, పంపు మార్చాలా, ట్యాంకు పైపు మార్చాలా? ఈ పరీక్షకు కావలసింది ఒక గేజి, ఒక స్విచ్చు, రెండు నిమిషాలు. ఇప్పటికే నడుస్తున్న ప్రతి వలయంలోనూ ఇవాళే చేసి చూడవచ్చు. మీ పేజీ మొదటి వాక్యం అదే కావాలని నా కోరిక.

ఇట్లు,
భుయ్యాడీహ్, జంషెడ్‌పూర్ నుంచి
ఒక పౌరుడు